ఆ మబ్బు దాటనివ్వండి

“మీకు పార్టీ ముఖ్యమా, మబ్బులు ముఖ్యమా?”

పార్టీ జాతీయ అధ్యక్షుడు నిండు కమిటీలో, బల్ల గుద్ది మరీ అడిగిన ప్రశ్న ఇది. అడిగించుకున్న పెద్దమనిషి చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మర్యాదకైనా వెనక్కి తిరగలేదు.

“చెప్తానండీ. తప్పకుండా చెప్తాను. ముందు ఆ మబ్బు దాటనివ్వండి.”

ఆయన్ని పార్టీ అంతా మబ్బుల బాబాయ్ అంటుంది. అభ్యర్థుల ఎంపిక కమిటీకి ఆయన చైర్మన్. ఎన్నికల్లో ఏ సీటుకు ఎవరిని నిలబెట్టాలో తేల్చే కమిటీ అది. పార్టీలో సగం మంది అందులో చేరాలని చూస్తారు, మిగతా సగం అందులో ఉన్నవాళ్లను తిడుతూ ఉంటారు. అలాంటి చోట బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. చర్చంతా బుద్ధిగా వింటాడు. ఓటింగప్పుడు చెయ్యెత్తుతాడు. అంతా తేలిపోయి, కాగితం సంతకానికి ముందుకొచ్చేసరికి మాత్రం పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసి, లేచి కిటికీ దగ్గరకు వెళ్లిపోతాడు. ఏదో ఒక మబ్బు కిటికీకి ఈ చివర నుంచి ఆ చివరకు దాటితేగాని సంతకం పడదు.

ఈ జబ్బు కుదర్చడానికే పార్టీ తనను పిలిపించిందని సంస్కరణల కార్యదర్శి గట్టిగా నమ్మింది. ఆవిడ కాలేజీలో పరిపాలనా శాస్త్రం చెప్పుకునే మనిషి. పార్టీ అంతకు ముందు ఎన్నికల్లో చిత్తుగా ఓడింది. పరీక్ష తప్పినవాడికి టైంటేబుల్ గుర్తొచ్చినట్టు, ఓడిన పార్టీకి అంతర్గత సంస్కరణలు గుర్తొస్తాయి. అలా ఆవిడకు కబురొచ్చింది. వచ్చిన వారంలోనే టీకప్పు ఎక్కడ పెట్టాలో కూడా నిబంధన రాయడంతో రూల్సమ్మ అనే పేరు వచ్చి స్థిరపడింది. అందరూ ‘బాబాయ్’ అనే మనిషిని ఆవిడొక్కతే ‘చైర్మన్‌గారూ’ అనేది. పార్టీలో అందరూ వరసలు కలిపేసుకోవడం వల్లే అన్ని పనులూ ఇలా తగలడ్డాయని ఆవిడ సిద్ధాంతం.

మొదటి మీటింగులోనే ఇద్దరికీ తగాదా.

“చైర్మన్‌గారూ, సంతకం.”

“పెడతానమ్మా. ఆ మబ్బు దాటనీ.”

“మబ్బుకీ సంతకానికీ సంబంధం ఏమిటండీ?”

“ఏమీ లేదు.”

“మరి?”

“ఒంటెలా లేదూ అది? మెడ చూడు, ఎలా చాపుతోందో.”

రూల్సమ్మకు ఒంటె కనపడలేదు. ఆవిడ కూర్చున్న చోటినుంచి ఎదురింటి నీళ్ల ట్యాంకూ, దాని పక్కన అరచేతి మందం ఆకాశమూ తప్ప మరేమీ కనపడవు. లేచి వెళ్లి చూడొచ్చు కదా అంటే, జాతీయ కమిటీలో కుర్చీలోంచి లేవడమంటే మాటలా? లేచి వచ్చేలోపు ఇంకొకరు కూర్చుంటారు. నీళ్లు తాగడానికని లేచి పదవి పోగొట్టుకున్న ఉపాధ్యక్షుడి ఫోటో ఆ గది గోడమీదే ఉంది. కాబట్టి కమిటీ మొత్తం కుర్చీల చేతులు గట్టిగా పట్టుకుని, బాబాయ్ వీపు చూస్తూ, మబ్బు కోసం ఎదురుచూసేది.

ఆ ఎదురుచూపులో ఒక మత్తు ఉండేది. మధ్యాహ్నపు వెలుతురు బల్లమీద పారబోసిన పాలలా పరుచుకునేది. ఫ్యాను నీడ అందరి మొహాలమీదా మెల్లగా తిరిగేది. అంతసేపూ కొట్టుకు చచ్చిన వాళ్లు ఏం మాట్లాడుకున్నారో మరిచిపోయి, కళ్లు సగం మూసి, ఎవరి లోకంలోకి వాళ్లు జారిపోయేవారు. కోశాధికారి మొహంలో మాత్రమే ఆ సమయాన చిరునవ్వు కనపడేది. ఆయన కలలో పార్టీకి డబ్బు ఉండేది.

“దాటింది” అనేవాడు బాబాయ్. అందరూ ఉలిక్కిపడి లేచేవారు. సంతకం పడేది. మినిట్స్‌లో ‘ఐదో అంశం: ఆమోదం. మబ్బు కారణంగా సంతకం ఆలస్యం’ అని గుమాస్తా శ్రద్ధగా టైపు కొట్టేవాడు.

వానాకాలంలో ఇంకో ముచ్చట. ఆకాశమంతా ఒకటే మబ్బు, ఈ దిక్కునుంచి ఆ దిక్కుకు బొంత కప్పినట్టు.

“బాబాయ్, ఇది దాటడమంటే వచ్చే నెలే” అన్నాడు అధ్యక్షుడు ఏడుపు గొంతుతో. “ఈలోగా నామినేషన్ల గడువు కూడా దాటుతుంది.”

“కంగారు పడకండి. తోక కనపడుతోంది.”

“మబ్బుకి తోకేమిటి?”

“తల ఉన్నప్పుడు తోక ఉండదా?”

ఇక ఎండాకాలంలో, ఆకాశం కాలిన పెనంలా ఉన్న రోజున, కోశాధికారి ధైర్యం చేశాడు.

“ఇవాళ మబ్బులేం లేవనుకుంటా కదా, బాబాయ్?”

“ఉందయ్యా. కొండ వెనకాల ఉంది. బయల్దేరబోతోంది.”

“అంటే మేమింకా బయల్దేరని మబ్బు కోసం కూర్చున్నామన్నమాట!”

“బయల్దేరినదాని కోసం ఎవరైనా కూర్చుంటారు. అందులో గొప్పేముంది?”

సిమెంటు వ్యాపారి సంగతి మరీ అన్యాయం. పార్టీకి కొత్త హాలు కట్టిస్తానని ఆయన ముందుకొచ్చాడు. ప్రతిఫలం ఏమీ వద్దన్నాడు, అల్లుడికి ఒక్క సీటు తప్ప. కోశాధికారి ఆనందబాష్పాలు తుడుచుకున్నాడు. హాలు గోడలు లేచాయి, కప్పు పడింది. తీరా కమిటీలో ఓటింగు జరిగితే అల్లుడికి వ్యతిరేకంగా చేతులు లేచాయి. మామగారు కింద కారులో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. పైన బాబాయ్ మబ్బును చూస్తున్నాడు. ఆ మబ్బు దాటి, సంతకమై, మైకులో పేరు చదివేసరికి మామగారు అగ్గిమీద గుగ్గిలమై వెళ్లిపోయాడు. కొత్త హాలుకు రావలసిన ఏసీ మిషన్లూ ఆయనతోనే పోయాయి. విచిత్రంగా అల్లుడు మాత్రం పార్టీలోనే ఉండిపోయాడు. పోస్టర్లు అతికించే కుర్రాళ్లతో కలిసి, చేతినిండా జిగురుతో, మామగారి ఇంట్లో కంటే ఎక్కువ సంతోషంగా కనపడేవాడు.

“మా పార్టీలో సీటు రానివాళ్లు పార్టీ మారరు” అని అధ్యక్షుడు ప్రతి సభలోనూ చెప్పుకునేవాడు. అదంతా తన ఉపన్యాసాల మహిమ అనుకునేవాడు. ఆయన ఉపన్యాసం పూర్తిగా విన్నవాళ్లెవరూ అలా అనుకోరు.

రూల్సమ్మ మాత్రం సంస్కరణల ముసాయిదా సిద్ధం చేసింది. ఇక మీటింగులన్నీ కొత్త హాల్లోనే. చేతులెత్తడాలుండవు, బటన్ నొక్కాలి. సంతకం ఉండదు. చివరి బటన్ నొక్కగానే పేరు గేటు బయట పెద్ద తెరమీద పడాలి. ముఖ్యంగా, హాలుకు కిటికీ ఉండకూడదు. నాలుగు వైపులా గోడలే ఉన్న ఆ ఏర్పాటుకు ఆవిడ పెట్టిన పేరు పారదర్శకత.

“బాగుందమ్మా” అన్నాడు బాబాయ్, ముసాయిదా చదివి. “గాలెలా వస్తుంది?”

“గాలి గురించి తర్వాత చూద్దామండీ. ఆలస్యం ఉండదు. అది ముఖ్యం.”

“ఆలస్యం ఉండదా?” ఆయన మొహం ఒక్క క్షణం దిగులుగా అయింది. “అసలుండదా?”

“క్షణం కూడా ఉండదు.”

“ఊఁ” అని కిటికీ వైపు చూశాడు. ఆ చూపు చూసి రూల్సమ్మకు జాలేసింది. పిల్లాడి చేతిలో గాలిపటం లాక్కున్నట్టనిపించింది. కానీ జాలికి ముసాయిదాలో చోటు లేదు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. పాత గదిలో అదే చివరి ఎంపిక. తన పుట్టిన ఊరి సీటుకు రూల్సమ్మ కూడా దరఖాస్తు పెట్టుకుంది. ఆవిడకిది ఈనాటి కోరిక కాదు. శాసనసభలో చేయబోయే తొలి ప్రసంగం పెళ్లికి ముందే రాసిపెట్టుకుంది. స్నానాల గదిలో ఎన్నిసార్లు చెప్పుకుందంటే, అది ఆవిడకన్నా ఆవిడ భర్తకే బాగా వచ్చు. “గౌరవ సభ్యురాలు టిఫినుకు వస్తారా, సభ వాయిదా వెయ్యమంటారా?” అని తలుపు కొట్టేవాడు. కాలేజీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది కూడా ఆ ప్రసంగం నమ్ముకునే.

ఆ పార్టీలో ఒక పద్ధతి ఉంది. ఒక్కో సీటుకు జిల్లావాళ్లు రెండు పేర్లే పంపాలి. ఆ ఇద్దరూ ఎంపిక రోజున కమిటీ కిటికీ కింద, పెరట్లో, ఎదురెదురుగా ఉన్న రెండు బెంచీల మీద కూర్చోవాలి. అనుచరులు గేటు బయట జెండాలతో, బ్యాండుతో ఉంటారు. పైన సంతకమైన కాగితం కిందికి రాగానే గుమాస్తా మైకులో పేరు చదువుతాడు. గేటు తెరుచుకుంటుంది. జనం వరదలా వచ్చి ఒక బెంచీ మీద పడతారు. రెండో బెంచీ సంగతి కమిటీలో ఎవరికీ తెలియదు. తెలియాలంటే కిటికీ దగ్గరకు రావాలి, అంటే కుర్చీ వదలాలి.

తన సీటు విషయంలో తను ఓటు వేయకూడదని రూల్సమ్మే నిబంధన రాసింది. కాబట్టి దిగి వచ్చి ఎడమ బెంచీ మీద కూర్చుంది. కుడి బెంచీ మీద డ్రైవింగ్ స్కూలు ఆయన. నెమ్మదైన మనిషి. ఆవిడ కూర్చోగానే లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి మేడమ్. ఎండ తగులుతోందా? బెంచీలు మార్చుకుందామా?”

“వద్దండీ. ఎవరి బెంచీ వాళ్లకి కేటాయించారు.”

పెరడు నిశ్శబ్దంగా ఉంది. గేటు బయట బ్యాండువాళ్లు వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నారు. క్యాంటీన్లోంచి గిన్నెల చప్పుడు ఎక్కడో నీళ్లడుగున మోగినట్టు వస్తోంది. తీగమీద ఆరేసిన బల్లగుడ్డలు గాలికి ఉబ్బి, ఎక్కడికో బయల్దేరిన తెరచాపల్లా ఉన్నాయి. వాటిని చూస్తూ చూస్తూ రూల్సమ్మ శాసనసభలో తేలింది. స్పీకర్ తలూపుతున్నాడు. ప్రతిపక్షం కన్నీళ్లు పెట్టుకుంటోంది. ‘అధ్యక్షా!’ అంటూ చెయ్యెత్తింది. నిజంగానే ఎత్తేసింది.

“ఏమైనా కావాలా మేడమ్?” అన్నాడు డ్రైవింగ్ స్కూలు ఆయన.

“ఏం లేదు. దోమ.”

అప్పుడే పైన కిటికీలో బాబాయ్ కనపడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ ఎత్తి, తన్మయంగా ఆకాశంలోకి చూస్తున్నాడు. అంటే ఓటింగు అయిపోయింది! కాగితం బల్లమీద ఉంది. సంతకం ఒక్కటే తరువాయి. ఇన్నాళ్లూ వీపు మాత్రమే చూసింది కదా, ఈసారి ఆ పాడు మబ్బేదో తనూ చూద్దామని తలెత్తింది.

మబ్బు లేదు.

కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది ఆకాశం. లేచి నిలబడి చూసింది. చుట్టూ తిరిగి చూసింది. కొండ వెనకాలేమైనా ఉందేమోనని చూస్తే, ఆ ఊరికి కొండే లేదని ఆ నిమిషాన గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ కమిటీ మొత్తం లేని కొండ వెనకాల లేని మబ్బు కోసం కూర్చుంది!

బాబాయ్ చూపు నెమ్మదిగా దిగింది. ఎండ పడుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని, కిటికీ ఎడమ తలుపు మెల్లగా దగ్గరకు లాగాడు. కుడి తలుపు తెరిచే ఉంది.

క్యాంటీన్లో గిన్నెల చప్పుడు ఆగింది. క్యాంటీనక్క చీర చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి బెంచీ మీద పక్కన చేరింది. పార్టీ అధ్యక్షుణ్ణి కూడా పాత బాకీ అడక్కుండా వదలని మనిషి.

“లోపలికి రామ్మా. టీ తాగుదువుగాని.”

“ఇప్పుడు కాదక్కా. ఫలితం వస్తోంది.”

“వచ్చేసింది” అంది క్యాంటీనక్క, కిటికీ వైపు గడ్డంతో చూపిస్తూ. “మైకు ఇంకా రాలేదు, అంతే. నడు.”

క్యాంటీన్ వెనక ఒక చిన్న గది ఉందని రూల్సమ్మకు తెలియదు. ఒక కుర్చీ, ఒక అద్దం, ఉతికిన తువ్వాలు, మూలన కుళాయి, గోడకు ఒక ఫోను, తలుపుకు లోపలి గడియ. బల్లమీద టీ అప్పటికే పోసి ఉంది. ఆవిర్లు పైకి లేస్తున్నాయి. వాటిలో ఒకటి అచ్చం ఒంటెలా మెడ చాపింది.

“ఏడవాలనుంటే కుళాయి విప్పుకో, చప్పుడు బయటికి రాదు. తిట్టాలనుంటే గడియ పెట్టుకో. సిమెంటాయన అల్లుడు రెండూ చెయ్యలేదు, ‘హమ్మయ్య’ అని రెండు టీలు తాగాడు. ముందు ఇంటికి ఫోన్ చెయ్యి. మీవాళ్లకి మైకు చెప్పకముందే నువ్వు చెప్పాలి.”

ఫోన్ చేసింది. సీటు రాలేదని చెప్పింది.

“అయితే ఆ ప్రసంగం నేనిక వినక్కర్లేదా?” అన్నాడు భర్త.

ఏడవబోయిన మనిషికి నవ్వొచ్చింది. “ఇంకో ఐదేళ్లు వినాలి.”

“సరే. సాయంత్రం తొందరగా రా. సభకు కోరం నేనే.”

మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంటుంటే అడిగింది. “ఎన్నాళ్లుగా జరుగుతోంది అక్కా ఇది?”

“బాబాయ్ చైర్మన్ అయినప్పటినుంచీ. ఆ తలుపు మూతపడితే ఆ వైపు బెంచీవాళ్లకి నేను టీ పోస్తా. ఆయనకీ ఒకప్పుడు ఇదే గతి పట్టిందిలే. సీటు ఖాయమని జనం భుజాలకెత్తుకుని పెరడంతా తిప్పారు. మైకులో అవతలివాడి పేరు వినపడింది. భుజాల మీదున్నవాణ్ణి ఉన్నచోటే వదిలేసి అటు పరిగెత్తారు. సరిగ్గా నా అంట్ల తొట్టి పక్కన పడ్డాడు. పైకి లేవకుండా అట్లాగే వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. ‘ఏమయ్యా, దెబ్బ తగిలిందా?’ అంటే, ‘లేదక్కా, ఆ మబ్బు దాటాక లేస్తా’ అన్నాడు. నేనే లేపి టీ ఇచ్చా.”

“వెనక గేటునుంచి వెళ్లిపోవచ్చా ఇప్పుడు?”

“వెళ్లొచ్చు. తాళం తీసే ఉంది. కానీ చాలామంది వెళ్లరు. మొహం కడుక్కున్నాక ముందుకే వెళ్తారు, గెలిచినవాడికి చెయ్యి కలపడానికి. కాస్త టైమిస్తే చాలమ్మా, ఎవరైనా మర్యాదగానే ఉంటారు.”

రూల్సమ్మ టీ ఆఖరి గుక్క దాకా తాగింది. చీర సర్దుకుని పెరట్లోకి వచ్చింది. డ్రైవింగ్ స్కూలు ఆయన ఇంకా ఏమీ తెలియక వేళ్లు నలుపుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ వెళ్లి ఆయన పక్కనే కూర్చుంది. అంతలో మైకు గరగరలాడింది. బ్యాండువాళ్లు లేచారు. జనం వరదలా వచ్చి కుడి బెంచీ మీద పడితే, మొట్టమొదట ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది ఆవిడే. ఆ తొక్కిసలాటలో కొందరు పొరపాటున ఆవిణ్ణి కూడా భుజాలకెత్తుకున్నారు. ఎత్తుగా, జెండాల మధ్య, అటూ ఇటూ ఊగుతూ, కలలో తేలుతున్నట్టుంది. కిటికీకి దాదాపు ఎదురుగా వచ్చింది. బాబాయ్ ఎడమ తలుపు మళ్లీ తెరుస్తున్నాడు.

“బాబాయ్!” అని అరిచింది. ఆ పిలుపు ఎప్పుడు నోట్లోకి వచ్చిందో ఆవిడకే తెలియదు. “ఆకాశంలో మబ్బే లేదు!”

“అయ్యో, చూసేశావా?” అన్నాడాయన కంగారుగా, వెనక్కి ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి. “దాటిపోయిందమ్మా. ఇప్పుడే!”

సాయంత్రం క్యాంటీన్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

“సంతకానికి ముందే నిర్ణయం బయటికి పొక్కడం నా పదకొండో నిబంధన ప్రకారం నేరం. తెలుసా?”

“తెలుసు. దానిమీద సంతకం పెట్టింది నేనేగా? ఆరోజు చాలా పెద్ద మబ్బు.”

“చెయ్యి ఎవరికెత్తారు?”

“ఆయనకే.”

“మొహం మీద చెప్తున్నారే!”

“మీ ఊళ్లో సగం మంది చేత బండి తోలించాడమ్మా ఆయన. ఏ సందులో ఎవరి గోడ ఉందో, ఎవరు గుద్దారో తెలుసు. నిన్నెవరైనా ఆ ఊళ్లో దారి అడిగితే చెప్పగలవా?”

పుట్టిన ఊరు ఆవిడ ప్రసంగంలో ఉన్నంత బాగా జ్ఞాపకంలో లేదు.

“ఐదేళ్లుంది కదా” అన్నాడు బాబాయ్. “వెళ్లి నడువు. కాళ్లకే తెలుస్తుంది.”

కమిటీకి అసలు సంగతి ఇప్పటికీ తెలియదు. రూల్సమ్మ చెప్పలేదు. ముసాయిదా మాత్రం మార్చింది. బటన్లు కొట్టేసి పాత సంతకమే ఉంచింది. కొత్త హాలుకు పెరటి వైపు, రెండు తలుపుల కిటికీ ఒకటి పెట్టాలని చేర్చింది. ఏసీ కన్నా కిటికీ చవకని కోశాధికారి చప్పట్లు కొట్టాడు. గోడ పగలగొట్టారు. హాల్లోకి గాలి వచ్చింది, దాని వెనకే ఎదురింటి ట్యాంకు మీదుగా ఆకాశం కూడా వచ్చింది. పేరు ప్రకటించే ముందు ‘ఒక మబ్బు దాటేంత వ్యవధి’ ఇవ్వాలని పదకొండో నిబంధన తిరగరాసింది. పార్టీ లాయరు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

“మబ్బు అంటే నిర్వచనం కావాలి మేడమ్. ఎంత సైజు? ఏ వేగం?”

“అది చైర్మన్ విచక్షణ.”

“మబ్బు లేకపోతే?”

“కొండ వెనకాల ఉంటుంది” అంది రూల్సమ్మ, ముసాయిదాలోంచి తలెత్తకుండా.

ఇక టీల సంగతి. అన్నేళ్లూ ఆ గదిలో పోసిన టీల బాకీ మొత్తం పార్టీ నిధిలోంచి చెల్లించాలని, దేనికోసమో చెప్పకుండా, రూల్సమ్మ తీర్మానం పెట్టింది. ఏదో సమావేశాల ఖర్చనుకుని కోశాధికారి మూలుగుతూ చెల్లించాడు. ఒక్క మొదటి టీ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. అంట్ల తొట్టి పక్కన పడ్డ నాటికి బాబాయ్ చైర్మన్ కాడు కాబట్టి అది సొంత ఖర్చని కోశాధికారి. తనను కింద పడేసింది పార్టీయే కాబట్టి అది పార్టీ ఖర్చని బాబాయ్. ఎవరిచ్చినా తీసుకుంటాను, మాఫీ మాత్రం చెయ్యనని క్యాంటీనక్క. ఆ అంశం ప్రతి మీటింగులోనూ బల్లమీదకు వస్తుంది. బాబాయ్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసి, లేచి కొత్త కిటికీ దగ్గరకు వెళ్తాడు. ఈమధ్య రూల్సమ్మ కూడా కుర్చీ వదిలి ఆయన పక్కన నిలబడుతోంది. ఆ కుర్చీలో ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు.

ఆ మొదటి టీ డబ్బులు ఇంకా బాకీయే.